కొండ మీద క్వారీ

పోయిన బుధవారం మా షాపుకి మొగుడూ పెళ్ళాం ఇద్దరొచ్చారు. ఆ అబ్బాయిది మందసలో బ్యాంకు ఉద్యోగం, ఆ అమ్మాయి టీచరు. కాశీబుగ్గ బస్టాండు వెనక నాది చిన్న టూర్ల షాపు. కాశీ, గయ, చార్‌ధామ్, మహా అయితే ఖాట్మండు. వీళ్ళేమో పెరూ అన్నారు. ఇంకాలనే పాతకాలపు రాజులు కొండ మీద కట్టిన ఊరు మాచుపిచ్చు చూడాలట, అక్కడి నేతబట్టలూ బొమ్మలూ కొనుక్కోవాలట. జనవరిలో సెలవు పెట్టుకుంటాం మేడం అన్నాడు ఆ అబ్బాయి.

"జనవరి మాట ఎత్తకు నాయనా," అన్నాను. కాస్త గట్టిగానే అన్నట్టున్నాను, ఆ అమ్మాయి ఉలిక్కిపడింది. "మనకి వానలు పడే జూన్, జూలైలో వెళ్ళండి. అక్కడ అప్పుడే పొడి కాలం."

ఇంక నా నోరు ఆగలేదు. యెల్లో ఫీవర్ సూది పది రోజుల ముందే విశాఖలో వేయించుకోండి, ఆ కార్డు లేకపోతే తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులోనే ఆపేస్తారు. విమానం దిగే కుస్కో ఊరు బాగా ఎత్తు, దిగిన రోజు ఏమీ చూడకండి, సూపు తాగి పడుకోండి. కుదిరితే అక్కడ ఉండకుండా తిన్నగా కింద లోయలోకి దిగిపోయి, ఒళ్ళు అలవాటు పడ్డాక పైకి రండి. మాచుపిచ్చుకి పాస్‌పోర్టు చేత్తో పట్టుకెళ్ళండి, టికెట్టు మీద పేరుతో పోల్చి చూస్తారు. ఏ దారిలో నడవాలో టికెట్టు కొనేటప్పుడే చెప్పాలి, లోపలికెళ్ళాక వెనక్కి తిరగనివ్వరు. బాత్రూములు గేటు బయటే. అందరూ గుళ్ళవైపు ఎగబడతారు, మీరు మాత్రం క్వారీ పక్కనించి పోయే దారి అడిగి తీసుకోండి. ముందు క్వారీ చూడండి.

"క్వారీనా?" అన్నాడు ఆ అబ్బాయి.

"క్వారీయే. ఊరి నడిమధ్యన ఉంటుంది. ఆ ఊరు కట్టిన రాయి అక్కడిదే. వరసగా కన్నాలు తొలిచి వదిలేసిన బండ ఒకటుంటుంది, అది వెతికి చూడండి."

"మీరెప్పుడెళ్ళారు మేడం?" అని అడిగింది ఆ అమ్మాయి.

నేనెక్కడికెళ్ళానమ్మా, ఖాట్మండు దాటితే ఒట్టు. ఆ జనవరి మాట తప్ప ఇందాక నేను చెప్పినవన్నీ ఒక మనిషి మాటలు. రెండు నెలల కిందట పోయాడు. వాళ్ళిద్దరూ వెళ్ళాక కూడా ఆ మాటలు నా నోట్లోనే తిరుగుతున్నాయి. అందుకని ఇది రాస్తున్నాను.

ఆయన్ని మావయ్యా అనేదాన్ని. చుట్టరికం ఏమీ లేదు, మా వైపు పెద్దవాళ్ళందరూ మావయ్యలే. టెక్కలి దగ్గర గ్రానైట్ క్వారీలో సుత్తి పట్టుకుని చేరి మేస్త్రీ అయినవాడు. ఊపిరితిత్తుల్లో రాతిపొడి దిగాక మానేసి కాశీబుగ్గలో ఇంటిపట్టున ఉండేవాడు.

మనిషి మొహం చూడకముందు నేల చూసేవాడు. ఎవరింటికెళ్ళినా చెప్పులు విడుస్తూనే వంగి గచ్చు చూసి, "ఇది మా దగ్గిర రాయి కాదు," అనో, "మా రాయే, కానీ పాలీషు పాడు సేసేరు," అనో తేల్చాకే కుర్చీలో కూర్చునేవాడు. ఒకసారి మా వీధిలో పెళ్ళికెళ్ళి వచ్చాడు. పెళ్ళికూతురెలా ఉంది మావయ్యా అని అడిగితే, "స్టేజీ మెట్లకి మంచి రాయేసేరు తల్లీ," అన్నాడు. వేళాకోళం కాదు, ఆయన చూసింది అదే.

దేన్నయినా కొట్టి చూసేవాడు. కుడిచేతి మధ్యవేలు మడిచి, దాని కణుపుతో రెండుసార్లు టకటకమని. గోడ, పుచ్చకాయ, నా టేబులు మీది అద్దం, ఆస్పత్రిలో డాక్టరు బల్ల, దేన్నీ వదిలేవాడు కాదు. "నిఖార్సయిన రాయి గంటలాగ పలుకుతాది. లోపల పగులుంటే బోలుగా పలుకుతాది. పైకి సూత్తే రెండూ ఒకటే," అనేవాడు. చెవి ఒక పక్కకి వాల్చి, కళ్ళు సగం మూసి వినేవాడు. ఆ వేలి కణుపు దగ్గర చర్మం మొద్దుబారి నల్లగా ఉండేది.

పది అడుగులేస్తే ఆయాసం. కానీ ఆయాసమని ఒప్పుకుంటాడా? ఆగి, ఏ కరెంటు స్తంభాన్నో ఏ సినిమా పోస్టరునో శ్రద్ధగా చూస్తున్నట్టు నటించేవాడు. మా షాపు మెట్లు నాలుగే. రెండో మెట్టు మీద నిలబడి మా బోర్డు మొత్తం చదివేవాడు. మూడేళ్ళు చదివాడు ఆ బోర్డుని.

ఈ పెరూ పిచ్చి ఎక్కడ పట్టిందంటే, క్వారీ ఆఫీసులో ఒక కేలండరు ఉండేదట, రాయి కోసే మిషన్ల కంపెనీ వాళ్ళది. దాని మీద మాచుపిచ్చు బొమ్మ. రాయి చూడ్డానికొచ్చిన విదేశీ బేరగాడొకడు ఆ బొమ్మ చూపించి, ఇదీ మీ గ్రానైట్ లాంటిదే, ఆ కొండ మీదే తవ్వి ఆ కొండ మీదే కట్టారు, సగం కొట్టిన రాళ్ళు ఇప్పటికీ అక్కడే పడున్నాయి అన్నాడట. ఆ బేరగాడు ఆ సాయంత్రమే మర్చిపోయి ఉంటాడు. మావయ్య మర్చిపోలేదు.

"నాను కోసిన రాయి ఓడెక్కీడం వరకే సూసేను తల్లీ," అన్నాడు నాతో మొదటిసారి వచ్చినపుడు. "తరవాత ఏ దేశంలో ఏ గోడకెక్కిందో, ఏ బాత్రూములో గచ్చయిపోయిందో ఎవుడికి తెలుసు? మేం కొండని ముక్కలు సేసి కిందికి దింపీసేం. ఆళ్ళేమో కొండ మీద రాయిని కొండ మీదే నిలబెట్టేరు. అది సూడాలి. ఆ క్వారీలో ఆళ్ళు ఒదిలీసిన రాయి సూడాలి. ఎలా కొట్టేరో, ఎక్కడ ఆపేరో."

సరే చూద్దాం అన్నాను. నాకు ఇంగ్లండుకీ ఐర్లండుకీ తేడా తెలిసి చచ్చింది కాదు గానీ, విశాఖలో పెద్ద టూర్ల కంపెనీ వాళ్ళకి ఫోను చేసి కనుక్కున్నాను. వాళ్ళ తెలుగు గ్రూపొకటి వెళ్తోందన్నారు.

మర్నాడు ఆయన భార్య వచ్చింది. అత్తది అక్కుపల్లి. ముప్పయ్యేళ్ళు పలాసలో జీడిపప్పు ఏరింది. గుండు పప్పులు, బద్దలు, ముక్కలు వేరు చేసే పని. మాట్లాడుతున్నంతసేపూ కొంగు అంచు మీద వేళ్ళు ఏరుతున్నట్టే కదిలేవి. వస్తూనే రెండు కొబ్బరికాయలు నా టేబులు మీద పెట్టి చేతులు జోడించింది.

"అమ్మా, నీకు దణ్ణమెడతాను. టికెట్లు నేవని సెప్పీ. డాట్రుబాబు సింహాచలం మెట్లే ఎక్కొద్దన్నాడు. ఈయనేమో గాలి నేని కొండలెక్కుతానంటన్నాడు."

"నేనెలా చెప్పనత్తా, అంత పెద్దమనిషితో అబద్ధం..."

"నాకున్నది ఆయనొక్కడే. పిల్లల్నేరు. ఆ కొండల్లో ఊపిరాగిపోతే నాను ఏ బాసలో ఏడవాలి? సెప్పు."

సరేనన్నాను. నెల్లాళ్ళు అబద్ధాలాడాను. ఒక మంగళవారం వీసా ఆపేశారన్నాను, ఇంకో మంగళవారం గ్రూపు నిండిపోయిందన్నాను. ఆయన ప్రతి మంగళవారం వచ్చేవాడు, బోర్డు చదివేవాడు, లోపలికొచ్చి కూర్చునేవాడు, సరే అని తలూపి వెళ్ళిపోయేవాడు. నాలుగో మంగళవారం నేను మాట్లాడుతుంటే నా టేబులు అద్దం మీద టకటకమని కొట్టాడు.

"బోలుగా ఉన్నాది తల్లీ," అన్నాడు. "అద్దం కాదు, నీ మాట. సీట్లు నేవా, మీ అత్త వచ్చెల్లిందా?"

సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. తల వంచుకుని అంతా చెప్పేశాను. నవ్వాడు. నవ్వు దగ్గయింది, దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది. నీళ్ళిచ్చాను.

"మీ అత్తకి నాను బతికుండాలి. నాకు ఆ రాయి సూడాలి. రెండూ నాయమే," అన్నాడు. "నాకున్న ఊపిరెంతో డాట్రు సెప్పకపోయినా నాకు తెలుసు. ఇంట్లో కూకున్నా అయిపోద్ది. ఎక్కడికైనా అట్టుకెల్లి ఖర్సు పెట్టుకోనీ."

"నా మెడకి చుట్టకండి మావయ్యా. మీరూ మీరూ తేల్చుకుని రండి," అన్నాను. నాకూ ఒళ్ళు మండింది మరి, మధ్యలో నేనేమిటి?

రెండు రోజుల తర్వాత ఇద్దరూ వచ్చారు. అత్త మొహం కందగడ్డలా ఉంది. కూర్చోకుండానే, "రెండు టికెట్లు తియ్యి. ఈ మనిసిని ఒంటరిగా ఒగ్గను," అంది. సింహాచలం, పూరీ తప్ప గడప దాటని మనిషి. మావయ్య ఆవిడ వెనక నిలబడి నా గోడ మీది చార్‌ధామ్ పటం చూస్తున్నాడు.

ఆ గ్రూపులు రెండుసార్లు వెళ్తాయన్నారు విశాఖ వాళ్ళు. జనవరి ఆఖర్న ఒకటి, జూన్‌లో ఒకటి. ఏది కావాలో మీరే చెప్పండన్నారు. జనవరి అన్నాను. నేనే అన్నాను. సముద్రం ఒడ్డు ఉద్దానం మనుషులం, మాకు వాతావరణమంటే తుఫానే. నవంబరు దాటిందా, గండం గడిచినట్టే. జనవరి ఆఖరంటే చలి తగ్గుతుంది, ఆకాశం శుభ్రంగా ఉంటుంది, జూన్‌లో వాన మొదలవుతుంది అని లెక్కేశాను. భూమికి ఆ పక్కన కాలం తిరగబడి ఉంటుందన్న ఆలోచన నా బుర్రకి తట్టలేదు. జూన్ దాకా మావయ్య ఊపిరి ఉంటుందో ఉండదోనన్న భయం కూడా ఉందిలెండి. అయినా కనుక్కోవలసింది నేను. కనుక్కోలేదు.

పెరూ నించి తిరిగొచ్చిన మూడో రోజునే మావయ్య షాపుకొచ్చాడు. బోర్డు చదవకుండా వచ్చి కూలబడ్డాడు. చిక్కిపోయాడు గానీ మొహం వెలిగిపోతోంది.

కుస్కోలో దిగిన సాయంత్రమే హోటలు పక్క సందులో పాతకాలం గోడ చూశాడట. సున్నం లేదు, మట్టి లేదు, రాయికి రాయి ఒరుసుకుని ఉన్నాది, బ్లేడు దూరదు అని చెబుతూ రెండు అరచేతులూ ఒకదానికొకటి నొక్కి చూపించాడు. ఊరుకుంటాడా? వేలు మడిచి టకటకమన్నాడు. కాపలావాడు విజిలేసుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. అక్కడ గోడని ముట్టుకోవడమే తప్పట. అత్త చేతులు జోడించి, తెలుగులోనే బతిమాలి విడిపించుకొచ్చింది.

"ఎలా పలికింది మావయ్యా?" అన్నాను.

"గంట," అన్నాడు. కళ్ళు సగం మూసి ఇంకా వింటున్నట్టే ఉన్నాడు.

ఆ ఊళ్ళో ఇరవయ్యేళ్ళ దొరసాన్లు కూడా పది అడుగులకోసారి ఆగి గోడలు చూస్తున్నారని తెగ సంబరపడ్డాడు. కానీ కాసేపటికే ఊపిరాడక పడిపోయాడు. రెండు రోజులు హోటలు గదిలో ఆక్సిజను పెట్టారు. డాక్టరొచ్చి ఒక్క మెట్టు కూడా ఎక్కడానికి వీల్లేదన్నాడు. గ్రూపు వాళ్ళతోపాటే మెల్లగా లోయలోకి దింపి, రైల్లో మాచుపిచ్చు కొండ కింద ఊరి దాకా తీసుకెళ్ళారు. అక్కడ గాలి ఫర్వాలేదు, కూర్చుంటే ఏమీ లేదు, లేస్తే ఆయాసం. పైనంతా మెట్లే. ఆయన హోటలు వరండాలో ఏటివైపు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అత్తని పంపించాడు.

"పోటోలొద్దన్నాను. పోటోలో రాయి తెలీదు. క్వారీ సూడు, కళ్ళతో సూసి వచ్చి నాకు సెప్పు అన్నాను. సెప్పింది తల్లీ! మీ అత్త సెప్పినట్టు మేస్త్రీలు కూడా సెప్పనేరు. బండలు ఒకదాని మీదొకటి వాలిపోయి ఉన్నాయట. ఒకదానికి వరసగా కన్నాలు తొలిసేరు, మేకులు దింపనేదు. పక్కనే రాతి సెక్కలు కుప్పేసి ఉన్నాయి. అన్నాలేళకి పని ఆపి ఎల్లినట్టున్నాదట."

తరవాత వేరే గ్రూపు విషయంలో విశాఖ వాళ్ళతో మాట్లాడుతుంటే తెలిసింది, జనవరిలో అక్కడ వానలూ మబ్బులేనని. ఆ సాయంత్రమే వెళ్ళి, కొండ మీద మబ్బేమైనా పట్టిందా అని ఆయన్ని అడిగాను.

"పట్టిందట మబ్బు. మీ అత్త క్వారీకాడికెల్లే సరికి ఇడిపోయిందట," అన్నాడు. హమ్మయ్య అనుకున్నాను.

ఆ తర్వాత రెండేళ్ళూ ఆయన మా ఊరికి పెరూ గైడు. టీ కొట్టులో, ఆస్పత్రి లైన్లో, బ్యాంకులో పెరూ వెళ్ళేవాళ్ళకి సలహాలు చెప్పేవాడు. పెరూ వెళ్ళేవాళ్ళెవరూ లేరనుకోండి. అరకు వెళ్ళేవాళ్ళకి చెప్పేవాడు, దిగిన రోజు పడుకోండని. కొండెక్కానని ఎప్పుడూ అనలేదు. ఎక్కలేదనీ అనలేదు, ఎవరూ అడగలేదు.

కొనుగోళ్ళ కబుర్లయితే ఇద్దరూ కలిసి చెప్పేవారు. పీసాక్ అనే ఊరి సంతలో శాలువాలన్నీ అల్పాకా ఉన్నే అంటారట. అల్పాకా అంటే అక్కడ మేపుకునే బొచ్చు జంతువు. అత్త కుప్ప ముందు కూలబడి, పప్పు ఏరినట్టు చకచకా మూడు కుప్పలు చేసేసిందట. నిజమైనవి, కలిపినవి, ప్లాస్టిక్కువి. అసలు ఉన్ని ముట్టుకోగానే చల్లగా తగిలి బరువుగా జారుతుంది, నకిలీది వెచ్చగా తేలిగ్గా ఉండి వేలికి గుచ్చుకుంటుంది అనేది. కొట్టామె కోప్పడుతుందనుకుంటే, నవ్వి, అత్త వేళ్ళు పట్టుకుని చూసి, రంగులు పట్టిన తన వేళ్ళు చూపించిందట. పురుగుని నలిపి ఎర్రరంగు తీస్తారట వాళ్ళు, నిమ్మరసం పిండితే అదే ఇంకో ఎరుపవుతుందట. "నేసిన మనిసి ఎదురుగా కూకుంటే బేరమాడకండి. తెచ్చి అమ్మినోడి దగ్గిర ఎంతైనా ఆడండి," అనేది అత్త.

మావయ్య సలహా రాతిబొమ్మల గురించి. చెవి దగ్గర పెట్టుకుని గోరుతో కొట్టండి, సగం సిమెంటే అనేవాడు. పది బొమ్మలు కొట్టి చూసి ఒక్కటీ కొనలేదు. ఇళ్ళ కప్పుల మీద మంచి జరగాలని పెట్టుకునే మట్టి ఎడ్ల జత మాత్రం తెచ్చాడు. అక్కడ నమిలే ఆకు సున్నం లాంటిదేదో అద్ది ఇస్తారు, మన కిళ్ళీకి తమ్ముడే, కానీ ఒక్క రేకు కూడా సంచిలో ఉంచుకోకండి, మత్తుమందు కింద లెక్కేసి మన ఎయిర్‌పోర్టులో జైలే అని హెచ్చరించేవాడు.

రెండు నెలల కిందట, మధ్యాహ్నం అన్నం తిని పడుకుని మరి లేవలేదు.

బుధవారం ఆ మొగుడూ పెళ్ళాం వెళ్ళాక షాపు తొందరగా కట్టేసి అత్త దగ్గరికెళ్ళాను. గుమ్మంలో కూర్చుని ఉంది. టీ పెట్టింది. మంచి మాట చెబుదామనే చెప్పాను, "ఇవాళ ఇద్దరికి మావయ్య మాటలే చెప్పానత్తా. క్వారీ చూడమన్నాను. కన్నాల బండ వెతకమన్నాను," అని.

అత్త గ్లాసు కింద పెట్టేసింది.

"ఓలమ్మ! అది ఎందుకు సెప్పేవు?"

"ఏం?"

"నాను సూడనేదమ్మా. ఏటీ సూడనేదు. పైకెల్లినప్పటి నించి దిగినదాకా మబ్బే. ముందు నడిసేవోడి వీపు తప్ప ఏటీ కనపడనేదు. ఒక్క నిమసం ఆగుతానని ఆ గైడుబాబుని బతిమాలేను. ఆగనీరు, ఎనక్కి తిరగనీరు. క్వారీ ఇదేనమ్మా అన్నాడు. తెల్లగా పొగ."

జనవరి అన్నది నేను. ఆ మబ్బులోకి ఆవిణ్ణి తోసింది నేను. "అత్తా, ఆ నెల పెట్టింది నేనే. తప్పు నాదే," అన్నాను. ఏడుపొచ్చేసింది, దాచుకోలేదు.

"మబ్బుకి నువ్వేటి సేత్తావు, ఊరుకో," అంది. "కిందికొచ్చేసరికి ఈయన కుర్సీలో ముందుకొంగి కూకోనున్నాడు. నన్ను సూసి లెగబోయి లెగనేకపోయేడు. ఆ మొకం సూసేక మబ్బని ఎలా సెప్పమంతావు?"

"మరి కన్నాల బండ? చెక్కల కుప్ప? అవన్నీ ఎలా చెప్పావు?"

"నలబయ్యేళ్ళు రోజూ ఇంటికొచ్చి అన్నం తింటా ఏటి సెప్పేడనుకున్నావు నాకు? టెక్కలి క్వారీయే కదా. ఏ బండ ఎలా వాలిందో, ఎవుడు ఎన్ని కన్నాలు తొలిసేడో, అన్నాలేళకి పని ఎక్కడాపేరో. నాను ఆ క్వారీకి ఒక్కనాడెల్లనేదు, కానీ అంతా తెలుసు. అదే తిరిగి సెప్పీసేను."

కొంగు మీద ఆవిడ వేళ్ళు కదలడం లేదు.

"నమ్మాడా?"

"నాకు తెల్దమ్మా. మా గ్రూపోళ్ళు పక్కనే నిలబడి మబ్బుని తిట్టుకుంతన్నారు. ఈయనకి ఇనపడిందో నేదో. నాను సెప్తన్నంతసేపూ కళ్ళు మూసుకోని ఇన్నాడు. అయ్యేక నా సెయ్యట్టుకున్నాడు. 'సూసీసేం కదే. ఇంక ఇంటికెల్పోదాం,' అన్నాడు."